పావగడ వైపు నుంచి మైసూరు ఖజానా

1811లో దివాన్ పూర్ణయ్య పాలనను మూడో కృష్ణరాజ ఒడయరుకు అప్పగించేనాటికి మైసూరు ఖజానాలో రెండు కోట్ల రూపాయల పైచిలుకు నిల్వ ఉంది. మైసూరు చరిత్ర రాసినవాళ్ళు ఈ అంకె దగ్గర తప్పకుండా ఆగుతారు. పన్నెండేళ్ళ ముందు శ్రీరంగపట్నం కూలి, పట్టణం దోపిడీ పాలై, అయిదేళ్ళ పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి మొదలుపెట్టిన రాజ్యంలో అంత కూడబెట్టడం మాటలు కాదు. తర్వాతి కథ కూడా అందరికీ తెలిసిందే. రాజు చేతికి ఎముక లేదు. ఖజానా ఖాళీ అయింది. 1831లో ఇంగ్లీషువాళ్ళు రాజ్యాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. కూడబెట్టిన మంత్రి, తగలేసిన రాజు: బడిపిల్లలకు పొదుపు గురించి చెప్పాలంటే ఇంతకంటే అనువైన కథ దొరకదు. అయితే ఈ కథ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ రెండు కోట్లు ఏ ఏడాది అవసరానికి దాచినవి? వాన తప్ప వేరే దిక్కులేని మెట్ట తాలూకా పావగడ నుంచి చూస్తే అడగాల్సింది ముందుగా ఇదే. కందాయం, అంటే భూమి శిస్తు, ఏటా వస్తుంది, వాన ఏటా రాదు. ఈ రెండింటి మధ్య తేడాను భరించేది ఎవరన్నదే అక్కడి ఆర్థిక చరిత్ర మొత్తం. ఖజానాను, దాన్ని కాచే మంత్రిని నిల్వను బట్టి తూచడం మనకు అలవాటైపోయింది. వాన తప్పిన ఏడాది ఆ నిల్వ ఎవరి పక్షాన నిలబడిందో చూసి తూస్తే, పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం మైసూరు ఖజానా పావగడ రైతు గడ్డుకాలానికి కాక, మరొకరి బాకీకి పూచీగా ఉందని తేలుతుంది.

పావగడ ఉనికే కాస్త విచిత్రం. లెక్కకు తుమకూరు జిల్లా, కానీ ఆ జిల్లాకు అతుక్కుని ఉండదు. చుట్టూ చాలామేర ఆంధ్రప్రదేశ్ ఊళ్ళే. మధుగిరి మీదుగా జిల్లా కేంద్రానికి పోవాలంటే మధ్యలో ఆంధ్ర నేల దాటాలి. ఇంట్లో మాట తెలుగు, కచేరీలో రాత కన్నడం. ఒకప్పుడు నిడుగల్లు కొండ కేంద్రంగా చోళులమని చెప్పుకొన్న ఒక తెలుగు చోడ శాఖ ఏలింది. తర్వాత పాళెగాళ్ళు వచ్చారు. ఆ రోజుల్లో ఖజానా కొండ మీద ఉండేది, ఊరికి కనిపించేది. పాళెగాడు దోచుకున్నా దాచుకున్నా కూతవేటు దూరంలోనే. 1799లో టిప్పు పతనం తర్వాత ఆ దూరం పెరిగింది. మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన ప్రాంతాలను ఆయన 1800లో ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. వాటినే దత్తమండలాలన్నారు. మడకశిర, పెనుకొండ, రాయదుర్గం అటు పోయి కలెక్టరు థామస్ మన్రో చేతికింద పడ్డాయి. పావగడ ఇటు మైసూరు రాజ్యంలో మిగిలిపోయింది. అదే ఎర్రనేల, అదే పెన్నేరు, అవే రాగులు, జొన్నలు. గట్టుకు అటు పండినదాని శిస్తు మద్రాసుకు, ఇటు పండినదాని కందాయం మైసూరుకు పోవడం మొదలైంది. ఒకే నేలకు ఇద్దరు కోశాధికారులు. మైసూరుదేమో సొంత రాజుగారి ఖజానా, మద్రాసుదేమో పరాయి కంపెనీది. సొంతదనం వల్ల ఏమైనా తేడా వచ్చిందా అని చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

పూర్ణయ్య లెక్కల్లోంచి పైకొచ్చినవాడు. సెట్టి అంగడిలో పద్దులు రాసే పనితో మొదలై హైదరలీ తోషఖానా దాకా ఎదిగాడు. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర దండులో హైదరలీ కన్నుమూసినప్పుడు కొడుకు టిప్పు ఎక్కడో మలబారు వైపు ఉన్నాడు. వార్త పొక్కితే సైన్యం చెదిరిపోతుంది. పూర్ణయ్య, ఆయన సహచరుడు కృష్ణారావు కలిసి శవాన్ని సుగంధద్రవ్యాలు నింపిన పెద్ద పెట్టెలో పెట్టించి, ఖజానా తరలిస్తున్నట్టుగా కాపలాతో పంపేశారు. టిప్పు వచ్చి చేరేదాకా దండు నిలబడింది. జీతాల పెట్టె భద్రంగా కదులుతోందంటే సర్కారు బతికే ఉన్నట్టు అని సిపాయి లెక్క. ఖజానా అంటే ముందుగా నమ్మకమని, ఆ నమ్మకం ఎవరికి కల్పించాలో తెలిసినవాడే మంత్రి అని పూర్ణయ్యకు అప్పుడే తెలుసు. 1799 తర్వాత ఆయన నమ్మించాల్సినవాళ్ళు మారారు. కంపెనీతో చేసుకున్న సంధి ప్రకారం మైసూరు ఏటా 7 లక్షల స్టార్ పగోడాలు, అంటే 24.5 లక్షల రూపాయలు కట్టాలి. అది ఆగిపోయే ప్రమాదం కనిపిస్తే చాలు, రాజ్యంలో ఏ భాగాన్నైనా గవర్నర్ జనరల్ తన చేతిలోకి తీసుకోవచ్చునని అదే సంధిలో రాసుకున్నారు. వాన పడినా పడకపోయినా మద్రాసుకు కప్పం పోవాల్సిందే. కనుక పూర్ణయ్య కూడబెట్టిన నిల్వ ఒక విధంగా రాజ్యానికి కట్టిన బీమా. అందులో నష్టపరిహారం దక్కేది మాత్రం కంపెనీకి.

అందుకని పూర్ణయ్య తప్పు చేశాడా అంటే, అనలేం. కప్పం బాకీ పడి రాజ్యం పోతే రైతుకు ఒరిగేదేమీ లేదు. పైగా ఆయన చెరువులు బాగుచేయించాడు, శ్రీరంగపట్నం దగ్గర కావేరి మీద వంతెన కట్టించాడు, రాజ్యాన్ని మళ్ళీ నడిచే స్థితికి తెచ్చాడు. ఆయన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు చెప్పే ఈ మాటలన్నీ నిజమే. కానీ ఒక పెద్ద ఖర్చు ఏటా మారకుండా ఉన్నప్పుడు, దాన్ని తీర్చే రాబడి కూడా ఏటా మారకుండా ఉండాలని మంత్రి కోరుకోక తప్పదు. మెట్ట పొలంలో మారకుండా ఉండే రాబడి అంటూ ఏదీ లేదు. ఆ మారడమంతా రైతు మీదికి నెట్టినప్పుడే ఖజానా అంకె నిలకడగా కనిపిస్తుంది. రెండు కోట్లు చూసి మురిసిపోయేవాళ్ళు ఈ సంగతి వదిలేస్తారు.

1811 నుంచి 1831 దాకా నడిచిన ‘షర్తి’ పద్ధతిలో ఈ నెట్టడం బట్టబయలైంది. తాలూకా అమలుదారు ఇంత వసూలు చేస్తానని సర్కారుకు షరతు రాసిచ్చేవాడు. తక్కువ పడితే తన జేబులోంచి పూడ్చాలి, ఎక్కువ వస్తే సర్కారుకే కట్టాలి. కాగితం మీద చూస్తే ఖజానాకు అన్నివిధాలా లాభం. ఆచరణలో జేబులోంచి పూడ్చిన అమలుదారు ఎవడుంటాడు? పైవాళ్ళు ఏడాదికేడాది షరతు పెంచేవాళ్ళు, కిందివాళ్ళు ఊళ్ళో కొత్త పద్దులు సృష్టించేవాళ్ళు. ఆ పద్దుల సంఖ్య తర్వాత తెలిసింది. 1834లో కమిషనరుగా వచ్చిన మార్క్ కబ్బన్ తన కాలంలో రద్దుచేసిన చిల్లర పన్నులు 769. వాటివల్ల వస్తూ వచ్చిన రాబడి 10 లక్షల రూపాయలకు పైనే. పెళ్ళికి పన్ను, బిడ్డ పుడితే పన్ను, పేరు పెడితే పన్ను, పుట్టెంట్రుకలు తీయిస్తే పన్ను. ఒక ఊళ్ళో అయితే, ఎప్పుడో తప్పిపోయిన పాళెగాడి గుర్రాన్ని తాతముత్తాతలు వెతికి పట్టుకోలేదని మనవలు పన్ను కడుతూ వచ్చారు. నగర (బిదనూరు) సీమలో ఒక చోట చేతులు ఒంటికి ఆనించుకోకుండా నడిచిపోయినవాడు కూడా డబ్బు కట్టాల్సిందే. వీటిని చదివితే నవ్వు వస్తుంది. ఆ నవ్వు ఆగాక ఒక విషయం స్పష్టమవుతుంది. ఇవి ఏ పిచ్చివాడి సృష్టీ కాదు, పాత వసూలును ఒక్కసారి పద్దులోకి ఎక్కించాక తీసేసే అధికారం ఎవరికీ లేని వ్యవస్థ పెంచిన పొదలు. రాజు దుబారాయే అనర్థానికంతటికీ మూలమనే వాదానికి జవాబు ఇక్కడే ఉంది. 1830లో నగర సీమ రైతులు తిరగబడింది రాజు బహుమానాలు పంచాడని కాదు, ఆ లోటును తమ దగ్గర పూడ్చుకున్న తీరు చూసి. కంపెనీ ఈ తిరుగుబాటును, కప్పానికి ముప్పును సాకుగా చూపి రాజ్యం తీసుకుంది. అప్పటికి కప్పం నిజంగా బాకీ ఉందా అన్నది తర్వాత పెద్ద వివాదమే అయింది.

కబ్బన్ కాలం నుంచి ఖజానా రూపం మారింది. రాజధాని లెక్కలు బెంగళూరుకు చేరాయి. తాలూకా కచేరీ ఖజానా అంటే ఒక రాతి గది, ఇనుప కమ్ముల కిటికీ, రెండు తాళాల పెట్టె. రెండు చెవులూ ఒకే మనిషి దగ్గర ఉండకూడదని నియమం. శానుభోగు లెక్క చదివితే, పటేలు ఊరి వసూలు తెచ్చి ముందు పెడితే, షరాబు ఒక్కొక్క నాణేన్నే మోగించి, గీకి, తూకం వేసి తీసుకునేవాడు. వేలిగోరు మీద పట్టేంత చిన్న కంఠీరవ పణాలు, రకరకాల వరహాలు, కంపెనీ రూపాయలు కలిసి తిరిగిన రోజుల్లో మారకంలోనే రైతుకు ఎంతో కొంత కోత పడేది. లెక్క పక్కాగా మారే కొద్దీ ఇంకొకటి కూడా జరిగింది. మాగాణిలో చాలాకాలం బటాయి ఉండేది, పండిన పంటలో సర్కారుది ఒక భాగం. పంట పోతే సర్కారు భాగం కూడా పోయేది. నష్టంలో ఖజానా కూడా పాలు పంచుకునేది. మెట్టకు మాత్రం డబ్బు కందాయమే. కబ్బన్ బటాయిని క్రమంగా డబ్బులోకి మార్చాడు. 1863 నుంచి బొంబాయి పద్ధతిలో సర్వే చేసి, ముప్పయ్యేళ్ళకు మారకుండా కందాయం కట్టారు. రేపు ఎంత అడుగుతారో అన్న భయం పోవడం రైతుకు గొప్ప మేలే, దాన్ని తక్కువ చేయలేం. కానీ ముప్పయ్యేళ్ళకు ఒకేలా కట్టిన కందాయం సగటు ఏడాదికి పనికొస్తుంది. పావగడలో సగటు ఏడాది అంటూ ఒకటి వస్తే కదా.

1876లో ఆ లెక్క తప్పింది. 1875, 1876ల్లో వానలు వరసగా ముఖం చాటేశాయి. 1877 అంతా చావులే. 1871 జనాభా లెక్కల్లో మైసూరు జనం 50,55,412. పదేళ్ళ తర్వాత 41,86,188. పెరగాల్సినవాళ్ళను వదిలేసినా, ఉన్నవాళ్ళలోనే 8 లక్షల 69 వేల మంది తగ్గారు. ఈ కరువును నడిపించినవాళ్ళలో ముఖ్యుడు ఒక మాజీ ఆర్థిక సభ్యుడు కావడం ఈ వ్యాసానికి సంబంధించిన విషయం. హిందూదేశానికి తొలి బడ్జెట్‌ను 1860 ఏప్రిల్ 7న జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టాక వైస్రాయి కౌన్సిల్లో ఆర్థిక సభ్యుడనేవాడు స్థిరపడ్డాడు. 1868 నుంచి 1874 దాకా ఆ పదవిలో ఉన్నవాడు రిచర్డ్ టెంపుల్. 1874లో బిహార్ కరువులో ఆయన ధారాళంగా ఖర్చుపెట్టాడు, మనుషులు పెద్దగా చావలేదు. అందుకు మెప్పు రావాల్సింది పోయి, ఖజానా తగలేశావని చీవాట్లు తిన్నాడు. 1877లో ఆయన్నే మద్రాసు, మైసూరు వైపు పంపారు. ఈసారి పాఠం నేర్చుకుని వచ్చాడు. మద్రాసు కరువు పనుల్లో మగకూలికి రోజుకు పౌను గింజలు, పైన కాస్త చిల్లర చాలన్నాడు. అరకిలో కూడా లేని ఆ తిండితో రాళ్ళు కొట్టే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గొడవపెట్టాక గానీ కూలి పెరగలేదు. గట్టుకు అటు మడకశిరలో అది మద్రాసు ఖజానా పొదుపు. ఇటు పావగడలో, బెంగళూరులో కూర్చున్న కమిషన్ కూడా అదే వైస్రాయి మాట వినేదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది తేలికగా కొట్టిపారేయదగింది కాదు. కరువుకు ముందు మైసూరు ఖజానాలో 63 లక్షల మిగులు ఉంది. కరువయ్యేసరికి అది హరించుకుపోయి, పైన 80 లక్షల అప్పు మిగిలింది. అంటే ఖజానా రైతు గడ్డుకాలానికే ఖర్చయింది కదా, దాచిన నిల్వ పనికొచ్చినట్టే కదా అని అడగవచ్చు. ఖర్చయింది, నిజమే. ఎప్పుడు, దేని మీద అన్నది చూడాలి. మైసూరులోకి వచ్చిన రైలు బెంగళూరు దగ్గరే ఆగింది. ఉత్తరాన మద్రాసు నుంచి రాయచూరు పోయే దారి గుత్తి మీదుగా పోయింది. పావగడకు ఏ వైపు రైలు చూసినా వంద కిలోమీటర్లకు పైమాటే. గింజలు స్టేషన్లో పోగుపడుతుంటే, వాటిని ఊళ్ళకు లాగాల్సిన ఎద్దులు మేత లేక చచ్చిపోతున్నాయి. పదేళ్ళ మిగులు పెట్టెలో ఉంది, అది దారిగా, చెరువుగా, గాదెగా మారాల్సిన పదేళ్ళూ గడిచిపోయాయి. కరువు నెత్తిన పడ్డాక ఖర్చుపెట్టిన రూపాయి ముందు ఖర్చుపెట్టిన పావలా చేసే పని కూడా చేయలేదు. ఈ సంగతి అప్పటి ఆర్థిక సభ్యుడు జాన్ స్ట్రేచీకి తెలియనిది కాదు. 1878లో ఏటా కోటిన్నర రూపాయలు కరువు భద్రతకని విడిగా తీసిపెడతామన్నాడు, అందుకోసం వ్యాపారుల మీద లైసెన్సు పన్ను వేశాడు. ఆ ఏడాదే ఆఫ్ఘన్ యుద్ధం మొదలైంది. కరువు పేరుతో తీసిన డబ్బు యుద్ధానికి పోయిందన్న అపవాదును ప్రభుత్వం చివరిదాకా కడుక్కోలేకపోయింది. యుద్ధఖర్చు అంచనాల్లో స్ట్రేచీ చేసిన పొరపాటు ఆయన పదవికే ఎసరు తెచ్చింది. కరువుకు పక్కన పెట్టిన డబ్బు ఎవరి చేతిలో ఉంది, అడిగేవాళ్ళెవరు అన్నది తేలకుండా నిధికి పేరు పెట్టినంత మాత్రాన ఏమీ ఒరగదు.

అడిగేవాళ్ళు అన్న మాట మైసూరులో మొదటిసారి 1881లో వినిపించింది. ఆ ఏడాది మార్చిలో రాజ్యాన్ని ఒడయర్లకు తిరిగి ఇచ్చారు, కప్పాన్ని 24.5 లక్షల నుంచి 35 లక్షలకు పెంచారు. చేతిలో 80 లక్షల కరువు అప్పు ఉన్న రాజ్యం మీద ఇంకో 10.5 లక్షలు వేయడం ఎంత నిర్దయో వాళ్ళకే అనిపించి, ఆ పెంపును ముందు అయిదేళ్ళు, తర్వాత మరో పదేళ్ళు ఆపి, 1896 నుంచి వసూలు చేశారు. దివాన్‌గా వచ్చిన సి. రంగాచార్లు పదమూడేళ్ళుగా మైసూరులో ఉండి లోపలి లెక్కలన్నీ తెలిసినవాడు. ఇంగ్లీషు కమిషన్ మైసూరు సొమ్ముతో ఎంత ఖరీదైన పాలన నడిపిందో 1874లోనే పుస్తకం వేసినవాడు. వచ్చీ రాగానే జిల్లాలను ఎనిమిది నుంచి ఆరుకు తగ్గించి ఖర్చు కోశాడు. అంతకంటే ముఖ్యమైన పని 1881 అక్టోబరు 7న జరిగింది. ప్రతి తాలూకా నుంచి ఒకరిద్దరు సాగుదారులు, జిల్లాకు కొందరు వర్తకులు, మొత్తం 144 మందిని దసరాకు మైసూరులో కూర్చోబెట్టి, సర్కారు రాబడి ఎంత, ఖర్చు ఎంత, ఏం చేయదలచుకున్నామో దివాన్ చదివి వినిపించాడు. అదే ప్రజాప్రతినిధి సభ. దానికి ఓటు లేదు, బడ్జెట్‌ను ఆపే శక్తి లేదు, వచ్చినవాళ్ళు సర్కారు పిలిస్తే వచ్చిన భూస్వాములు, వర్తకులు. పావగడ కూలివాడికి అందులో కుర్చీ వేయలేదు. ఇదంతా చూపించి ఆ సభను దసరా వేడుకల్లో ఒకటిగా తీసిపారేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు మాత్రం పూర్ణయ్య రెండు కోట్లకంటే ఆ రోజే మైసూరు ఖజానా చరిత్రలో పెద్ద సంఘటన అనిపిస్తుంది. అప్పటిదాకా తాలూకా నుంచి పైకి డబ్బు మాత్రమే పోయేది, ఆ రోజు నుంచి డబ్బు కట్టినవాడు కూడా పోయి లెక్క విన్నాడు. మా చెరువు తెగింది, మా దారి పోయింది అని ఖజానా తాళంచెవి ఉన్నవాడి ముఖం మీద చెప్పే చోటు దొరికింది.

రంగాచార్లు రెండేళ్ళకే 1883లో పోయాడు. తర్వాత పద్దెనిమిదేళ్ళు దివాన్‌గా ఉన్న శేషాద్రి అయ్యర్ కాలంలో ఖజానాకు కొత్త దారులు తెరుచుకున్నాయి. కోలారు బంగారం మీద రాయల్టీ రావడం మొదలైంది. ఆ గనులకు అమ్మడానికి కావేరి మీద శివసముద్రంలో పుట్టించిన కరెంటు ఆయన తర్వాత, 1902లో అందింది. గంధపు చెక్క ముందునుంచీ ఉండనే ఉంది. మెట్ట కందాయం మీదే కళ్ళు పెట్టుకోవాల్సిన అవసరం ఖజానాకు తగ్గిపోయింది. ఇది పావగడ లాంటి తాలూకాకు ఎవరూ లెక్కగట్టని మేలు: కరువు ఏడాది కందాయం వాయిదా వేసినా, మాఫీ చేసినా రాజ్యం కూలిపోని స్థితి వచ్చింది. పన్ను మాఫీ దయాగుణం వల్ల వస్తుందనుకుంటాం గానీ, మంత్రికి వేరే రాబడి ఉంటేనే ఆ దయ పుడుతుంది. తీసుకోవడం తగ్గినంత వేగంగా తిరిగి ఇవ్వడం పెరగలేదు. హిరియూరు దగ్గర వేదవతి మీద మారికణివె ఆనకట్ట వచ్చింది గానీ, పెన్నేరు పావగడ నాగలమడక పక్కన పారుతున్నా ఆ నీటి మీద మైసూరుకు చేతులు కట్టేసి ఉన్నాయి. 1892లో మద్రాసుతో చేసుకున్న ఒప్పందం ప్రకారం పెన్నేరు, చిత్రావతి, పాపఘ్ని లాంటి నదుల మీద మద్రాసు ఒప్పుకోకుండా కొత్త ఆనకట్ట కట్టకూడదు. అవతలి గట్టు చెరువులకు నీళ్ళు తగ్గుతాయని మద్రాసు భయం. ఆ గట్టున ఉన్నవాళ్ళూ తెలుగు రైతులే కనుక ఆ భయాన్ని తప్పుపట్టలేం. మైసూరు మంత్రి దగ్గర డబ్బు ఉండి, మనసు ఉన్నా పావగడలో చేయలేని పనులున్నాయని మాత్రం ఒప్పుకోవాలి. 10.5 లక్షల అదనపు కప్పం తొలగింది 1920ల చివర్లోనే. అప్పటికి మైసూరు యూనివర్సిటీ, భద్రావతి ఇనుప కర్మాగారం, మైసూరు బ్యాంకు అన్నీ వచ్చేశాయి. పావగడకు మాత్రం రైలు రాలేదు. తుమకూరు నుంచి రాయదుర్గానికి పావగడ మీదుగా దారి 2007–08లో మంజూరైంది, ఇంకా పూర్తికాలేదు.

స్వాతంత్ర్యం తర్వాత దివాన్ పోయి ఆర్థిక మంత్రి వచ్చాడు, సభకు బడ్జెట్‌ను తిరస్కరించే అధికారం వచ్చింది, సంచిత నిధి నుంచి సభ అనుమతి లేకుండా రూపాయి తీయడానికి లేదని రాజ్యాంగం రాసింది. కర్ణాటకలో రామకృష్ణ హెగ్డే 13 బడ్జెట్లు చదివాడు. ముఖ్యమంత్రిగా ఉంటూనే ఆర్థిక శాఖను కూడా తన దగ్గరే పెట్టుకున్న సిద్ధరామయ్య ఆ లెక్కను దాటి 2025 మార్చిలో 16వది చదివాడు. పత్రికలు ఇప్పుడు కూడా లోటు ఎంత, మిగులు ఎంత అన్న పూర్ణయ్య కొలతతోనే వాళ్ళకు మార్కులు వేస్తాయి. ఇంకో కొలత 2002లో అందింది. ప్రాంతీయ అసమానతల మీద డి.ఎం. నంజుండప్ప కమిటీ రాష్ట్రంలోని 114 తాలూకాలను వెనకబడినవిగా తేల్చింది. వాటిలో 39 మరీ వెనకబడినవి. పావగడ ఆ 39లో ఒకటి. దేశంలో పన్నులు దండిగా పండే రాష్ట్రాల్లో కర్ణాటక ఒకటని అందరూ ఒప్పుకునే రోజుల్లో వచ్చిన నివేదిక ఇది. దీనికి ఆర్థిక శాఖవాళ్ళు చెప్పే జవాబు తెలిసిందే: పావగడ కట్టే పన్నుకంటే పావగడకు పెట్టే ఖర్చే ఎక్కువ, ఇంకేం కావాలి? ఆ లెక్క సరైనదే కావచ్చు. అయితే జీతాలు, పింఛన్లు కలిపి చూపించే ఆ ఖర్చులో వాన తప్పినా నిలిచే ఆస్తి ఎంత ఉందన్నది వేరే లెక్క. భూగర్భజలంలో ఫ్లోరైడు దండిగా ఉన్న తాలూకాకు బోరు వేయించిన రూపాయి, నదినీళ్ళు తెచ్చిన రూపాయి పద్దులో ఒకటే. ఎముకలు వంగిన మనిషి వాటిని ఒకటనడు.

ఇంత చరిత్ర తర్వాత పావగడ భూమి మీద వాన లేకున్నా ఏటా నిలకడగా వచ్చే రాబడి ఒకటి 2018లో మొదలైంది, అది ఎవరూ ఊహించని వైపు నుంచి. నాగలమడక హోబళి తిరుమణి చుట్టూ అయిదు ఊళ్ళ పరిధిలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు తొలి దశను ఆ ఏడాది మార్చి 1న సిద్ధరామయ్యే ప్రారంభించాడు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు, ఒప్పందం 28 ఏళ్ళు. ఏ ఎండ పంటను మాడ్చిందో ఆ ఎండే కౌలు కట్టిస్తోంది. నూటయాభై ఏళ్ళ కిందట సర్కారు ముప్పయ్యేళ్ళకు కందాయం కట్టి రైతు దగ్గర తీసుకున్న మెట్ట ఎకరం ఇప్పుడు దాదాపు అన్నేళ్ళకే రైతుకు డబ్బు ఇచ్చేలా రాయించుకుంది. దీన్ని ఆర్థిక మంత్రి ఉదారతగా రాయడం సరికాదు. కౌలు సొమ్ము రాష్ట్ర ఖజానా నుంచి రాదు, సౌర విద్యుత్ కార్పొరేషన్ కంపెనీల దగ్గర తీసుకుని పంచుతుంది. ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. కౌలు పట్టా ఉన్నవాడిది. 13,000 ఎకరాల్లో కలుపు తీసి, వేరుశనగ కాయలు వలిచి, బీడులో గొర్రెలు మేపుకొని బతికినవాళ్ళ పేరు ఏ పహణీలోనూ, అంటే ఏ భూమి రికార్డులోనూ లేదు కనుక వాళ్ళకు కౌలూ లేదు. ఎక్కువ ఎకరాలున్నవాడికి ఎక్కువ, భూమి లేనివాడికి సున్నా. 1881లో రంగాచార్లు తాలూకాల నుంచి సభకు పిలిచింది కూడా భూమి ఉన్నవాళ్ళనే.